ఏటి అడుగున ఉష్ణమాపకం

పారే ఏటికీ, దాని అడుగున ఇసుకలోనూ గులకరాళ్ల సందుల్లోనూ నిండి ఉండే భూగర్భజలానికీ మధ్య ఎడతెగని రాకపోకలు సాగుతాయి. కొన్నిచోట్ల ఏటి నీరు అడుగులోకి ఇంకిపోతే, మరికొన్నిచోట్ల భూగర్భజలం ఊటగా పైకుబికి ఏటిలో కలుస్తుంది. ఈ కదలిక తరచు రోజుకు కొన్ని సెంటీమీటర్లకు మించదు కనుక, ప్రవాహాన్ని కొలిచే మామూలు సాధనాలకు అందదు. ఉప్పో రంగో కలిపి జాడ తీయవచ్చు గానీ, ప్రతి కొలతకూ మళ్లీ కలపవలసిందే. సగానికి కోసిన ఇనుప పీపాను ఏటి అడుగున బోర్లించి, దానికి తగిలించిన ప్లాస్టిక్ సంచిలో చేరే నీటిని కొలిచే పద్ధతి ఉన్నా, అది పీపా ఉన్నచోటి సంగతి తప్ప మరొకటి చెప్పదు. ఈ కొరతను తీర్చింది, ఏటి నీరు పగటి ఎండకు పుంజుకుని రాత్రి పోగొట్టుకునే వేడి. ఆ వేడి జాడను చదవగల ఉష్ణమాపకం ఏటి అడుగుకు చేరడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఘనపదార్థంలో వేడి ఎలా పాకుతుందో ఫ్రెంచి గణితవేత్త ఫూరియే 1822లో సమీకరణాల్లో పెట్టాడు. 1837లో జేమ్స్ ఫోర్బ్స్ ఎడిన్‌బరోలో మూడు తావుల్లో, అంటే కాల్టన్ కొండ రాతిలో, ఒక తోట ఇసుకలో, క్రెగ్‌లీత్ ఇసుకరాతిలో, పొడవైన కాడలున్న ఉష్ణమాపకాలను 3, 6, 12, 24 ఫ్రెంచి అడుగుల లోతుల్లో పాతించాడు. లోతుకు పోయేకొద్దీ ఋతువుల హెచ్చుతగ్గులు సన్నగిల్లుతూ, ఆలస్యమవుతూ వచ్చి, అన్నిటికన్నా లోతైన చోట వేసవి వేడి చలికాలానికి గానీ చేరలేదు. తరువాత లార్డ్ కెల్విన్‌గా పేరొందిన విలియం థామ్సన్ ఈ లెక్కల నుంచే నేల ఉష్ణవాహకతను, అంటే వేడిని పోనిచ్చే గుణాన్ని, రాబట్టాడు.

రాయి కదలదు కాబట్టి అక్కడ కథ తేలికగా ముగిసింది. నీరు కదిలే ఇసుకలో వేడి రెండు దారుల్లో పోతుంది: రేణువు నుంచి రేణువుకు పాకడం ఒకటి, నీటితోపాటు కొట్టుకుపోవడం రెండోది. ఈ రెండోదాన్ని లెక్కకు తెచ్చి, నేలలోకి ఇంకే నీటి వేగాన్ని వేడి ఆధారంగా అంచనా వేసే ప్రయత్నాన్ని 1960లో సుజుకి అనే జపాన్ పరిశోధకుడు ప్రకటించాడు. ఆయన ప్రధానంగా దృష్టి పెట్టింది వరిమళ్ల మీద. ఏటి ఉష్ణమాపకానికి వరిమడి పుట్టిల్లు కావడం వరి పండించే నేలవారు గుర్తుంచుకోదగిన సంగతి. అమెరికా జియలాజికల్ సర్వేకు చెందిన స్టాల్‌మన్ 1965లో ఆ గణితాన్ని సరిదిద్ది పూర్తిచేశాడు.

ఆ గణితం చెప్పేది ఇది. నీరు కదలని తడి ఇసుకలో, పైనున్న ఏటి నీటి రోజువారీ హెచ్చుతగ్గు సుమారు 14 సెంటీమీటర్ల లోతుకు చేరేసరికి మూడో వంతుకు కాస్త పైగా మిగిలి, దాదాపు నాలుగు గంటలు ఆలస్యంగా కనిపిస్తుంది. నీరు కిందికి ఇంకుతుంటే అదే లోతులో హెచ్చుతగ్గు పెద్దదిగా, త్వరగా కనిపిస్తుంది. ఊట పైకి వస్తుంటే కొద్ది సెంటీమీటర్లలోనే అణగిపోతుంది. ఆలస్యం ఒక్కటే చూస్తే వేగం తెలుస్తుంది గానీ దిశ తెలియదు, ఎందుకంటే నీరు ఎటు కదిలినా ఆలస్యం తగ్గుతుంది. దిశను పట్టిచ్చేది హెచ్చుతగ్గు పరిమాణమే.

ఇంత స్పష్టమైన సూత్రం మూడు దశాబ్దాలు దాదాపుగా పుస్తకాల్లోనే ఉండిపోయిందంటే, లోపం పరికరానిది. గంటగంటకూ రాత్రింబవళ్లు ఇసుక లోపలి ఉష్ణోగ్రతను ఎవరు నమోదు చేయగలరు? బొత్తాం బ్యాటరీ అంత బిళ్లలో థర్మిస్టర్, గడియారం, మెమరీ ఇమిడిన చవక పరికరాలు వచ్చాకే అది సులువైంది. థర్మిస్టర్ అంటే ఉష్ణోగ్రతను బట్టి విద్యుత్ నిరోధం మారే చిన్న పూస. అటువంటి బిళ్లలను ఒక గొట్టంలో వేర్వేరు లోతుల్లో అమర్చి, గొట్టం లోపలే నీరు కిందికీ మీదికీ పోకుండా మధ్యలో అడ్డుకట్టలు వేసి, ఇసుకలో దిగగొడతారు. 1993లో సిలిమన్, బూత్ అనే పరిశోధకులు ఇండియానాలోని జూడే క్రీక్‌లో నీరు ఇంకే చోట్లనూ ఊరే చోట్లనూ ఉష్ణోగ్రతల వరుసలతోనే వేరుచేశారు. 2006లో హాచ్ బృందం రెండు లోతుల మధ్య తేడా నుంచి నేరుగా వేగాన్ని లెక్కగట్టే పద్ధతిని స్థిరపరిచింది.

వేడికి ఉన్న అసలు బలం మరొకటి. నీటిని పోనిచ్చే గుణం బంకమట్టికీ గులకకూ మధ్య కోట్ల రెట్లు మారుతుంది, కానీ తడిసిన ఒండ్రు ఉష్ణవాహకత మాత్రం రెండు మూడు రెట్లకు మించి మారదు. అందువల్ల అడుగున ఏముందో సరిగా తెలియకపోయినా లెక్క పెద్దగా తప్పదు. రేణువులు కూడా వేడిని పీల్చుకుంటాయి కనుక వేడి సుమారుగా నీటి వేగంలో సగంతోనే ముందుకు సాగుతుంది. దీన్ని మరిస్తే మాత్రం లెక్క తప్పుతుంది.

కెనడాలో ఒంటారియో రాష్ట్రపు పైన్ నది కిందికి, డ్రైక్లీనింగ్‌లో వాడే ద్రావకం కలిసిన భూగర్భజలం వచ్చి చేరుతున్నప్పుడు, ఆ నీరు ఎక్కడ నదిలోకి ఉబికివస్తున్నదో కొనాంట్ అనే పరిశోధకుడు ఉష్ణోగ్రతలతో పటం గీశాడు. భూగర్భజలం ఏడాది పొడవునా దాదాపు ఒకే వేడిమితో ఉంటుంది కాబట్టి ఊట ఉన్నచోట అడుగు వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా తగులుతుంది. కొద్ది మీటర్ల దూరంలోనే ఊట బలం ఎంతగానో మారుతున్నదని ఆ పటాలు చూపాయి.

ఒక్కో చోట గొట్టం దించే శ్రమను తగ్గించింది ఆప్టికల్ ఫైబర్. 1928లో సి.వి. రామన్ కలకత్తాలో కనుగొన్న కాంతి పరిక్షేపణే దీనికి ఆధారం. ఫైబర్‌లోకి పంపిన లేజర్ కాంతిలో కొద్ది భాగం రంగు మారి వెనక్కు వస్తుంది, అందులో ఒక అంశం తీవ్రత గాజు ఉష్ణోగ్రతను బట్టి పెరుగుతుంది, తిరిగి రావడానికి పట్టిన సమయం చోటును చెబుతుంది. సెల్కర్ బృందం లక్సెంబర్గ్‌లోని మైస్‌బిక్ అనే చిన్న వాగు పొడవునా కేబుల్ పరచి, ఊటలు కలిసే చోట్లను ఉష్ణోగ్రతలో వచ్చే మెట్లుగా 2006లో చూపింది.

వరద వచ్చి ఇసుక కోసుకుపోయినా, కొత్త ఇసుక మేటవేసినా, గొట్టంలోని బిళ్ల లోతు మారి లెక్కంతా చెడుతుంది. ఈ లోపమే మరో ఉపయోగానికి దారి తీసింది. పరిమాణంలో తగ్గుదలనూ ఆలస్యాన్నీ కలిపి వాడితే వేగంతోపాటు ఒండ్రులో వేడి వ్యాపించే తీరు కూడా తేలుతుందని ల్యూస్, టొనినా తదితరులు 2013లో చూపారు; మరుసటి ఏడు అదే గణితాన్ని తిప్పి వేసి, ఏటి అడుగు ఎంత కోసుకుపోయిందో, ఎంత మేట వేసిందో ఉష్ణమాపకంతోనే కొలిచారు.