వెలుగుకూ ఒక కొలత ఉంది



బియ్యానికి కిలో, పాలకు లీటరు, రవికె గుడ్డకు మీటరు, బంగారానికి గ్రాము. కొలతలనేవి ఇల్లాలికి కొత్త కావు. మరి వెలుగును కొలవమంటే దేనితో కొలుస్తాం? ఈ ప్రశ్న వినగానే "అదంతా లేబరేటరీల్లో పని, మనకెందుకమ్మా" అనుకుంటారు చాలామంది. నేను చదివింది మెట్రిక్కే. అయినా ఈ పని వంటింట్లోనే, మీ చేతిలోని సెల్‌ఫోను కెమేరాతోనే చేయవచ్చునని ఈవేళ మీకు చెప్పబోతున్నాను.

వెలుగును కొలవడమంటే దాని అలపొడవును కొలవడం. పిల్లల పుస్తకాల్లో తరంగదైర్ఘ్యం అని రాసి ఉంటుంది. కాలవలో రాయి వేస్తే అలలు లేస్తాయి కదా, ఒక అల శిఖరం నుంచి పక్క అల శిఖరం దాకా ఉన్న దూరమే అలపొడవు. రేడియో వినేవాళ్లకు ఈ మాట ఎప్పటినుంచో పరిచయమే. 1948లో విజయవాడలో ఆకాశవాణి కేంద్రం వెలిసింది. తర్వాత రోజుల్లో మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద మనం విన్న ప్రసారాలు గుర్తున్నాయి కదూ! అంటే సెకనుకు 8 లక్షల 37 వేల అలలన్నమాట. రేడియో అల సెకనులో 30 కోట్ల మీటర్లు పోతుంది. 30 కోట్లను 8 లక్షల 37 వేలతో భాగించండి, 358 వస్తుంది. ఒక్కొక్క అల 358 మీటర్లు! ఓ చిన్న ఊరి వీధంత పొడుగు.

వెలుగు కూడా ఆ జాతి అలే. కాకపోతే మరీ చిన్నది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని నానోమీటరు అంటారు. ఎరుపు వెలుగు అల సుమారు 700 నానోమీటర్లు, ఊదా వెలుగు సుమారు 400. మిగతా రంగులన్నీ ఆ రెంటి మధ్యన ఉన్నవే. ఇంత సన్నని దాన్ని టేపుతో కొలవడం ఎలాగంటారా? దానికి మనకో మధ్యవర్తి ఉంది. పాత పాటల సి.డి.!

సి.డి.ని ఎండలో తిప్పితే రంగులు మెరుస్తాయి. దాని మీద కంటికి కనబడనంత సన్నని చాళ్లు, చుట్ట చుట్టినట్టుగా ఉంటాయి. చాలుకూ చాలుకూ మధ్య దూరం 1,600 నానోమీటర్లు. అంటే ఒక్క మిల్లీమీటరులో 625 చాళ్లు. వెలుగు వీటిమీద పడినప్పుడు ఒక్కో చాలు నుంచీ ఒక్కో అల బయలుదేరుతుంది.

ఇక్కడ మన కూచిపూడి నాట్యాన్ని తలచుకుంటే విషయం సులువుగా బోధపడుతుంది. వరసగా నిలబడ్డ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అడుగు మొదలుపెడుతున్నారనుకోండి. ప్రతి పిల్లా తన ముందు పిల్లకంటే సరిగ్గా ఒక ఆవర్తనం ఆలస్యంగా మొదలుపెడితే, అందరి కాళ్లూ సమం మీద ఒక్కసారే పడతాయి, గజ్జెల మోత ఘల్లుమంటుంది. ఆ ఆలస్యం ముప్పాతిక ఆవర్తనమో మరొకటో అయితే ఒకరి అడుగు ఒకరితో కలవదు. వెలుగూ అంతే. పక్కచాలు నుంచి వచ్చే అల సరిగ్గా ఒక అలపొడవు వెనకబడే దిక్కున మాత్రమే అలలన్నీ కలిసి మెరుస్తాయి. ఎరుపు అల పొడుగు గనుక దాని దిక్కు ఎక్కువ పక్కకు పోతుంది. నీలం అల పొట్టి గనుక తక్కువ పక్కకు పోతుంది. అందుకే రంగులు విడిపోతాయి. ఏ రంగు ఎంత పక్కకు పోయిందో కొలిస్తే దాని అలపొడవు తెలిసిపోతుంది. ఇంతే రహస్యం.

ఇక సరంజామా చూద్దాం. ఒక పాత సి.డి., వెడల్పు ప్లాస్టరు, కత్తెర, మీటరు పొడుగు అట్ట, కుట్టుపనికి వాడే టేపు, కెమేరా ఉన్న ఫోను. ఇంట్లో రికార్డు చేసుకునే రకం సి.డి. అయితే మేలు. పేరు రాసే వైపున గోటితో చిన్న గీటు పెట్టి, ప్లాస్టరు గట్టిగా అంటించి లాగితే వెండిపూత ఊడివస్తుంది. మిగిలిన అద్దంలాంటి రేకు అంచు దగ్గర చిన్న ముక్క కత్తిరించండి. చాళ్లు నిలువుగా ఉండేట్టు దాన్ని ఫోను కెమేరా ముందు అంటించండి. అట్ట మధ్యలో మిల్లీమీటరు వెడల్పున నిలువు చీలిక కోయండి. చీలిక దగ్గర సున్న ఉండేట్టుగా, రెండు వైపులా టేపు గుర్తులను అట్ట మీద అడ్డంగా వేసుకోండి. చీలిక నుంచి సి.డి. ముక్క సరిగ్గా 100 సెంటీమీటర్ల దూరాన, అట్టకు సమాంతరంగా ఉండాలి. ఫోను కదలకుండా నాలుగు పుస్తకాల దొంతర మీద నిలబెడితే చాలు.

గది మసకగా ఉంచి, చీలిక వెనక పాత ట్యూబులైటు వెలిగించి ఫోటో తీయండి. ఫ్లాష్ వద్దు. నడుమ చీలిక, దానికి అటూ ఇటూ టేపు మీద పరచినట్టుగా రంగుల గీతలు పడతాయి. ఫోటోను పెద్దది చేసి అంకెలు చదువుకోవచ్చును. ట్యూబులో పాదరసం ఆవిరి ఉంటుంది, దాని నీలం గీత 435.8 నానోమీటర్లని లోకమంతటికీ తెలుసు. మన టేపు మీద అది 28.3 సెంటీమీటర్ల దగ్గర పడాలి. పడకపోతే ముక్క వంకరగా ఉందనో, దూరం సరిగా లేదనో అర్థం. సరిచేసుకోండి. తూకం వేసేముందు త్రాసు ముల్లు చూసుకున్నట్టన్నమాట.

ఇప్పుడు వంటింట్లోకి రండి. పప్పో చారో పొంగి పొయ్యి మీద పడితే నీలిమంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారడం మనందరం చూసిందే. ఆ పసుపు ఉప్పులోని సోడియానిది. పాత స్టీలు చెంచా కాడను చిక్కటి ఉప్పునీటిలో ముంచి, పట్టకారుతో పట్టుకుని గ్యాసు మంటలో ఉంచండి. అట్ట మాత్రం మంటకు రెండడుగుల ఇవతలే ఉండాలి, కొంగు జాగ్రత్త, పక్కన పెద్దవాళ్లుండాలి. ఫోటోలో ట్యూబులైటులాగా పలు రంగులుండవు. ఒకే ఒక పసుపు గీత, సుమారు 39.6 సెంటీమీటర్ల దగ్గర కనబడుతుంది. ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి చదివి సగటు తీసుకోండి.

లెక్క ఎనిమిదో తరగతి పిల్లకు అప్పజెప్పవచ్చును. ఒక భుజం 100, రెండో భుజం 39.6. పైథాగరస్ సూత్రం ప్రకారం కర్ణం 107.6 వస్తుంది. 39.6ను 107.6తో భాగిస్తే 0.368. దాన్ని 1,600తో గుణిస్తే 589. అదీ ఉప్పు వెలుగు అలపొడవు, 589 నానోమీటర్లు!

"ఇంత శ్రమపడి ఒక అంకె తెలుసుకుంటే ఏమొస్తుంది?" అని మీరడగవచ్చు. ఏమొచ్చిందో మన నేలే చెబుతుంది. 1868 ఆగస్టు 18న ఈ ప్రాంతంలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడ్డానికి ఫ్రాన్సు నుంచి పియెర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ మన బందరులో దిగాడు. గుంటూరుకూ బందరుకూ మధ్యనున్న మన కూచిపూడిలోనూ ఆ ఉదయం చీకటి కమ్మింది. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును వాళ్లు విడదీసి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. వాటిలో ఒకటి పసుపు గీత. అది సోడియం గీత చోటనో, దానికి దగ్గరలోనో ఉందని పాగ్సన్ రాసుకున్నాడు. జాన్సెన్ మర్నాడు గ్రహణం లేకుండానే ఆ జ్వాలల గీతలను పట్టుకున్నాడు. ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ కూడా గ్రహణం లేకుండానే వాటిని చూసి, పసుపు గీత సోడియానిది కాదని తేల్చాడు. దాని అలపొడవు 587.6. భూమ్మీద తెలిసిన ఏ పదార్థానికీ ఆ గీత లేదు. సూర్యుడికి గ్రీకు మాట హీలియోస్, అందుకని ఆ కొత్త పదార్థానికి హీలియం అని పేరొచ్చింది. 1895లో రామ్సే దాన్ని భూమ్మీద ఒక ఖనిజంలో పట్టుకున్నాడు. అది అదేనని తేల్చింది కూడా ఆ గీత కొలతే.

ఉప్పు గీతకూ హీలియం గీతకూ తేడా రెండు నానోమీటర్లు కూడా లేదు. మన టేపు మీద ఆ తేడా మిల్లీమీటరున్నర లోపే! "ఆ, మిల్లీమీటరేగా" అని వదిలేస్తే హీలియం దొరికేది కాదు. సూర్యుడిలో ఉప్పు ఉందనుకుని ఊరుకునేవారు. ఒక కొత్త మూలకం ఆ సందులో దాక్కుని ఉంది.

ఇలాంటి కొలతల్లో మనవాళ్లూ పేరుపొందారు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం గారు కలకత్తా వెళ్లి సి.వి. రామన్ గారి దగ్గర పనిచేశారు. 1928లో రామన్ కనిపెట్టింది కూడా, పదార్థంలో చెదిరిన వెలుగులో కొంత అలపొడవు మారి వస్తుందనే సంగతే. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగధామరావు గారు ఈ విద్యనే పెంచి ఎందరినో తయారుచేశారు.

ఒక హెచ్చరిక. సూర్యుణ్ని మాత్రం ఈ ముక్కతో గానీ, ఫోనుతో గానీ సూటిగా చూడకండి, చూపు పోతుంది. ఆటబొమ్మల లేజరు కూడా కళ్లమీద పడనీయకండి.

పిల్ల చదువుకు పెద్ద పరికరాలు లేవే అని చిన్నబుచ్చుకునే తల్లులకు నా మనవి ఒక్కటే. వచ్చే సెలవురోజున అటక మీది సి.డి. ఒకటి దింపండి. అమ్మాయికి ఫోను ఇచ్చి ఫోటో తీయమనండి, టేపు మీరు పట్టుకోండి. 589కి బదులు 580 వచ్చినా, 600 వచ్చినా అంకెను దిద్దనీయకండి. ఎందుకలా వచ్చిందో దూరం మళ్లీ కొలిచి, రేకు మళ్లీ సరిచేసి వెతకమనండి. చదువంటే అలా వెతకడమే మరి.