పండగకు ముందు లెక్కలు

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు ఇంటి అలంకరణకు కాదు, మనసు మరమ్మతుకు. కానీ కేకుల హడావుడిలో ఆ పని వాయిదా పడుతోంది

ఢిల్లీ సరిహద్దు దాటి గాజియాబాద్‌లో అడుగుపెడితే ఇందిరాపురం. అక్కడి పేటల పేర్లు వింటే ఎవరికైనా కాస్త బెరుకు పుడుతుంది. నీతి ఖండ్, న్యాయ్ ఖండ్, అహింసా ఖండ్, జ్ఞాన్ ఖండ్. వాటి పక్కనే శక్తి ఖండ్, వైభవ్ ఖండ్. ఉద్యోగాల కోసం వచ్చి అక్కడి అపార్ట్‌మెంట్లలో స్థిరపడినవారిలో తెలుగువారున్నారు, వారిలో క్రైస్తవులూ ఉన్నారు. నవంబర్ చివరికల్లా పొగమంచు కమ్ముకుంటుంది. బాల్కనీల్లో కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. మాల్స్‌లో క్రిస్మస్ చెట్లు నిలబడతాయి. తెలుగువారికైతే 'సెమీ క్రిస్మస్' ఉండనే ఉంది. డిసెంబర్ 25 వచ్చేసరికి కేకు మొహం మొత్తుతుంది.

అయితే చర్చి క్యాలెండర్ లెక్కలో అది పండగ కాలమే కాదు. దాని పేరు ఆగమన కాలం. అడ్వెంట్ అంటే చాలామందికి తెలుస్తుంది. నవంబర్ 30కి దగ్గర్లోని ఆదివారంతో మొదలై డిసెంబర్ 24తో ముగుస్తుంది. కేథలిక్, సీఎస్ఐ, లూథరన్ చర్చిలకు ఆరాధనా సంవత్సరం మొదలయ్యేది కూడా ఆ రోజే. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో చాలావాటికి ఈ ఆచారం లేదు. పాటించేచోట మాత్రం బలిపీఠం మీదికి ఊదారంగు వస్త్రం వస్తుంది. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాస కాలంలోనూ అదే రంగు. కేథలిక్కుల ఆదివారం పూజలో మహిమ గీతం ఆగిపోతుంది. 5వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లోని టూర్ నగర బిషప్ పెర్పెట్యువస్ నవంబర్ 11 నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజుల ఉపవాసం విధించారు. కేరళ సిరియన్ క్రైస్తవులలో డిసెంబర్ 1 నుంచి 25 రోజుల ఉపవాసం ఇప్పటికీ ఉంది. అంటే విందుకు ముందు పస్తు. సంబరానికి ముందు ఆత్మపరిశీలన.

ఈ కాలానికి కథానాయకుడు బాల యేసు కాదు, బాప్తిస్మమిచ్చే యోహాను. రెండో ఆదివారం చర్చిలో వినిపించేది ఆయన సందేశమే. ప్రభువు వస్తున్నాడు, దారి సిద్ధం చేయండి, మిట్టలు తవ్వి పల్లాలు పూడ్చండి అన్నది దాని సారం. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. మంత్రి వస్తున్నాడంటే రాత్రికి రాత్రి గుంతలు పూడ్చి సున్నం గీతలు గీయడం మన ఊళ్లన్నిటికీ అనుభవమే. ఆయన కారు వెళ్లాక నాలుగో రోజుకు గుంతలు మళ్లీ తేలడమూ అనుభవమే. యోహాను అడిగింది అలాంటి మరమ్మతు కాదు.

మరి ఏం చేయమంటావని జనం ఆయన్ను అడిగారని లూకా సువార్త చెబుతుంది. ఆయన ఉపవాసాల చిట్టా చదవలేదు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలన్నాడు. పన్ను వసూలుచేసేవారిని నిర్ణయించినదానికి మించి తీసుకోవద్దన్నాడు. సైనికులను బెదిరించి గుంజుకోవద్దని, జీతంతో తృప్తి పడమని చెప్పాడు. ప్రతి ఒక్కరికీ వారి వృత్తిలోని తప్పునే చూపించాడు.

ఈ తేడాను తెలుగు బైబిలు రెండు మాటల్లో పట్టుకుంది. యేసును అప్పగించిన యూదా చివర్లో పడింది 'పశ్చాత్తాపం'. యోహాను కోరింది 'మారుమనస్సు'. మూలమైన గ్రీకులోనూ ఇవి వేర్వేరు మాటలే. మొదటిది చేసిన తర్వాత కలిగే మంట. రెండోది వెనక్కు తిరిగి వేరే దారి పట్టడం. యూదా డబ్బు తిరిగిచ్చాడు గానీ ఆ మంటలోనే ప్రాణం తీసుకున్నాడు. పన్నుల అధికారి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు, బతికి బాగుపడ్డాడు. పాపసంకీర్తనం చేసినవారు ఎదుటివారికి కలిగించిన నష్టాన్ని వీలైనంతవరకు సరిదిద్దాలని కేథలిక్ బోధ నేటికీ చెబుతుంది. ఏడవడంతో పని పూర్తికాదు.

మారుమనస్సు నిజమైనదో కాదో తేల్చుకోవడానికి ఆగి చూసిన ఉదాహరణ తెలుగునేల మీదే ఉంది. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. బాప్తిస్మం కోరుతూ జనం వచ్చారు. వారు తిండి కోసం వస్తున్నారో విశ్వాసంతో వస్తున్నారో తెలియదు. అందుకని ఏడాదికి పైగా ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. అయినా జనం వెనక్కు తగ్గలేదు. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చింది స్థానిక బోధకులు. తీసుకున్నవారిలో అత్యధికులు మాదిగలు. బాప్టిస్టులకు ఆగమన కాలం లేకపోవచ్చు. ఆగడం వారికీ తెలుసు.

అయితే నదిలో దిగినవారు గట్టెక్కాక చర్చిలో ఏం ఎదురైంది? పశ్చాత్తాపం వ్యక్తులకే కాదు, వ్యవస్థలకూ అవసరమే. 1970 నవంబర్ 29న, సరిగ్గా ఆగమన కాలం మొదటి ఆదివారం నాడు, నాగపూర్‌లో ఆరు చర్చిలు తమ భేదాలు పక్కనపెట్టి చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాగా ఏర్పడ్డాయి. శాఖల మధ్య గోడ అలా కొంత కూలింది. కులం గోడ మాత్రం నిలిచే ఉంది. క్రైస్తవ పెళ్లి ప్రకటనల్లో నేటికీ కులం పేరు కనిపిస్తుంది. చర్చి లోపలే దళితుల పట్ల వివక్ష ఉందని కేథలిక్ బిషప్పుల సమాఖ్య తన దళిత సాధికారత విధానంలో ఒప్పుకుంది. ఆ పత్రం వెలువడింది కూడా ఓ ఆగమన కాలంలోనే, 2016 డిసెంబర్‌లో. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో, దళితుల్లో ఆ పదవి పొందిన మొదటి వ్యక్తి ఆయనే. ఒప్పుకోలు జరిగింది, గౌరవమూ దక్కింది. ఇక మిగిలింది సంబంధాలు కలుపుకునేటప్పుడు, సంఘంలో పదవులు పంచుకునేటప్పుడు జరగాల్సిన మార్పు. అదే కష్టమైనది.

మళ్లీ ఇందిరాపురానికి వద్దాం. యోహాను న్యాయ్ ఖండ్ గేటు దగ్గర నిలబడితే ఎవరికి ఏం చెబుతాడో ఊహించడం కష్టం కాదు. గేటు దగ్గర చలిలో రాత్రంతా కూర్చునే వాచ్‌మన్‌కు బీరువాలోని రెండో స్వెటర్ ఇవ్వమంటాడు. రెండు రోజులు రాలేదని పనిమనిషి జీతంలో కోసిన డబ్బు తిరిగిమ్మంటాడు. కాలుష్యం ముదిరి నిర్మాణాలు ఆపేసినప్పుడల్లా కూలి పోగొట్టుకునేవారి పొయ్యి సంగతి కనుక్కోమంటాడు. ఆస్తి పంపకాల్లో మాటామాటా పెరిగి ఏళ్లుగా పలకరింపు లేని ఊళ్లోని అన్నయ్యకు ఫోన్ చేయమంటాడు. తప్పు తనదైతే ఒప్పుకోమంటాడు. వీటిలో ఒక్కదానికీ నక్షత్రం కొన్నంత ఖర్చు కాకపోవచ్చు. కానీ నక్షత్రం వేలాడదీసినంత తేలిక కూడా కాదు.

పండగ చేసుకోవద్దని ఎవరూ అనరు. క్రైస్తవ సంప్రదాయంలో క్రిస్మస్ సంబరం 25తో అయిపోదు, ఆ రోజు మొదలై జనవరి మొదటి వారం దాకా సాగుతుంది. కేకులకు అప్పుడు బోలెడంత సమయం. అంతకుముందు వారాలు మాత్రం బాకీలు తీర్చుకోవడానికి. చలికాలపు ఆదివారం సాయంత్రం నీతి ఖండ్, న్యాయ్ ఖండ్ దాటి వైభవ్ ఖండ్ షాపుల వైపు వెళ్లేవారికి ఆ బోర్డులు దారిలోనే కనిపిస్తాయి. చదవడానికి ఒక్క నిమిషం ఆగితే చాలు.