అద్దంకి ప్రయాణమా? తిరుగు బస్సు ముందు చూసుకోండి!

అద్దంకి ఊళ్ళో రైల్వే స్టేషన్ లేదు. ఒంగోలులో రైలు దిగి బస్సెక్కాల్సిందే. 2025 ఆగస్టు 15న మొదలైన 'స్త్రీ శక్తి' పథకం కింద ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్ అడిగి తీసుకోండి. సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం డబ్బు కట్టాలి.

మిరప కల్లాల రోజుల్లో వెళ్తే ఎండా ఎక్కువే, ఘాటూ ఎక్కువే. మంచినీళ్ళ సీసా, తడి రుమాలు దగ్గరుంచుకోండి.

గుండ్లకమ్మ ఒడ్డు పల్లెలకో, సింగరకొండ ఆంజనేయస్వామి గుడికో బయల్దేరే ముందే "తిరిగొచ్చే ఆఖరి బస్సు ఎన్నింటికండీ?" అని బస్టాండులో కనుక్కోండి. అది కాస్తా తప్పిపోతే, టికెట్టులో మిగిలిందంతా ఆటోకే సరి! పైగా చీకట్లో ఒంటరి ప్రయాణం. గంట ముందే లేవడం మేలు కదూ?