సొమ్ము సర్కారుది... ప్లాను బస్తీది!

కోతలు అయిపోయి పొలాల్లో పనులు తగ్గిన రోజుల్లో పట్నం బస్సెక్కేవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. పాలమూరు, మెదక్, నల్లగొండ జిల్లాల నుంచి అలా హైదరాబాద్ చేరినవారు అక్కడ ఎన్నో మేడలు కట్టారు. వారిలో చాలామంది తలదాచుకున్నది మాత్రం నాలా గట్టునో, ప్రభుత్వ ఖాళీ స్థలంలోనో వేసుకున్న గుడిసెల్లోనే. చేతిలో పట్టా లేదు. గుమ్మంలో కుళాయి లేదు. ఎవరు ఎప్పుడొచ్చి ఖాళీ చేయమంటారోనన్న భయం ఒక్కటే ఉండేది.

అటువంటి బస్తీలను బాగుచేయడానికి 1967లో హైదరాబాద్‌లో ఒక ప్రయత్నం మొదలైంది. అర్ధ శతాబ్దం దాటినా ఆ అనుభవం నేటి ఇళ్ళ పథకాలకు పాఠంగానే ఉంది.

మొదట అడిగారు

పల్లెల్లో 1952లో సమాజ వికాస పథకం వచ్చింది. బ్లాకులు, గ్రామసేవకులు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. ఆ పద్ధతి నగరాలకూ అవసరమని భావించి కేంద్ర ప్రభుత్వం కొన్ని నగరాల్లో పట్టణ సమాజ వికాస ప్రాజెక్టులను ప్రారంభించింది. హైదరాబాద్‌లో నగరపాలక సంస్థ దీనిని నడిపింది. ‘యు.సి.డి.’ అన్న పేరుతోనే బస్తీలకు ఇది పరిచయం.

ప్రాజెక్టు ఉద్యోగులు బస్తీలోకి వెళ్ళి, ముందు మీకు ఏం కావాలని అడిగేవారు. పిల్లలకు బాలవాడి కావాలన్నచోట బాలవాడి, ఆడవారికి కుట్టుపని కావాలన్నచోట కుట్టు కేంద్రం వెలిశాయి. మహిళా మండళ్ళు, యువజన సంఘాలు ఏర్పడ్డాయి. 1970వ దశకంలో యూనిసెఫ్ కూడా చేయూతనిచ్చింది. అలా నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడం అలవాటయ్యాకే ఇళ్ళ ప్రస్తావన వచ్చింది.

పట్టాతో మొదలు

ఇంటికి అప్పు కావాలంటే స్థలం తనదై ఉండాలి. ప్రభుత్వం గుడిసెవాసులకు పట్టాలివ్వడంతో ఆ చిక్కు తీరింది. 1970లో కేంద్రం నెలకొల్పిన హడ్కో సంస్థ గృహనిర్మాణానికి రుణాలు సమకూర్చింది. ఇల్లు కట్టుకునే పని మాత్రం ఆ కుటుంబానిదే. ఇంటిల్లిపాదీ ఇటుకలు మోశారు. మేస్త్రీ పని తెలిసినవారికి కూలీ ఖర్చు మిగిలింది.

అంతకుముందు ఇష్టం వచ్చినట్టు వేసుకున్న గుడిసెలను సర్ది, దారి వదిలి, ప్లాట్లు గీయాలంటే ఎవరో ఒకరు రెండడుగులు వదులుకోవాలి. పొలం గట్టు తగాదా ఎరిగిన రైతుకు ఇది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. బస్తీవారి సమ్మతితో ప్లాట్లు గీసినందువల్లనే ఈ పని సాధ్యమయింది.

అన్నిటికంటే ముఖ్యంగా, ఉన్నచోటనే ఇల్లు రావడంతో కూలి అడ్డా దూరం కాలేదు. పిల్లల బడి మారలేదు. 1980వ దశకంలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో బస్తీల అభివృద్ధి మరింత విస్తరించింది. 1988లో విశాఖపట్నంలోనూ ఇటువంటి పథకం మొదలైంది.

నిధులున్నా నిండని ఇళ్ళు

2005లో వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకంలో నగర పేదల ఇళ్ళకు కేంద్రం భారీగా నిధులిచ్చింది. అయితే 2011 మార్చి నాటికి దేశమంతటా మంజూరైన 1,517 గృహ ప్రాజెక్టుల్లో పూర్తయినవి 22 మాత్రమేనని కాగ్ తేల్చింది. స్థలం చేతికి రాకముందే ప్రాజెక్టులు తయారుచేయడం, లబ్ధిదారులను సకాలంలో గుర్తించకపోవడం వంటి లోపాలు బయటపడ్డాయి. పూర్తయిన ఇళ్ళలో సైతం అన్నింటిలో జనం చేరలేదు.

ఇందులో వింతేమీ లేదు. ఊరి చివర ఫ్లాటు ఇస్తే రోజుకూలీ డబ్బులు బస్సు ఛార్జీలకే పోతాయి. నాలుగిళ్ళలో పనిచేసుకునే ఇల్లాలికి ఆ నాలుగిళ్ళూ దూరమవుతాయి. ఉపాధి లేనిచోట పక్కా ఇల్లున్నా ఆ కుటుంబం మళ్ళీ గుడిసె వెతుక్కోక తప్పదు.

పల్లెవారు గమనించవలసినవి

2015 జూన్‌లో మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనకు కొనసాగింపుగా రెండవ దశ 2024 సెప్టెంబరులో ప్రారంభమైంది. పట్నంలో స్థిరపడదలచినవారు కొన్ని నిబంధనలు ముందే తెలుసుకోవడం మేలు. దేశంలో ఎక్కడైనా, స్వగ్రామంలోనైనా సరే, కుటుంబంలో ఎవరి పేరనైనా పక్కా ఇల్లుంటే ఈ పథకం వర్తించదు. గడచిన 20 ఏళ్ళలో ఏ ప్రభుత్వ గృహ పథకంలో లబ్ధి పొందినా అర్హత ఉండదు. కనుక ఊళ్ళో ఇంటికి దరఖాస్తు పెట్టేముందే కుటుంబం ఎక్కడ ఉండబోతున్నదో ఆలోచించుకోవాలి. సొంత స్థలంలో కట్టుకునేవారికి స్థలం కాగితాలు తప్పనిసరి. సొమ్ము పని జరిగిన కొద్దీ వాయిదాల్లో అందుతుంది. ఇల్లు ఇల్లాలి పేరనో, భార్యాభర్తలిద్దరి పేరనో ఉండాలన్నది ఈ పథకంలో మంచి నియమం.

నగరంలో పేదల కాలనీకి స్థలం ఎంచేటప్పుడు అక్కడి నుంచి పని ఎంత దూరం, బస్సు ఉందా, నీరు వస్తుందా అని అడిగే హక్కు అందులో ఉండబోయేవారికి ఉంది. ఒక్కరు అడిగితే వినేవారుండరు. మహిళా సంఘంగా, బస్తీ సంఘంగా అడిగితే ఫలితముంటుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళికి పిల్లనూ, పిల్లవాణ్ణీ అడిగినట్టే, ఇల్లు కట్టేముందు అందులో ఉండేవారిని అడగాలని హైదరాబాద్ బస్తీలు ఏనాడో చెప్పాయి.