ఊరి ఇంట్లో అచ్చైన వారపత్రిక: ఇనుగుర్తి ‘తెనుగు’ కథ మనకెందుకు?

బుద్వేల్: పేపర్ పెట్టాలంటే ఏం కావాలి? పెద్ద ఆఫీసు, పదిమంది స్టాఫ్, వెనకాల డబ్బున్న సేఠ్ కావాలని చాలామంది అనుకుంటారు. వందేళ్ల కిందట మన తెలంగాణలో ఇద్దరు అన్నదమ్ములు ఇవేవీ లేకుండానే, పట్నానికి దూరంగా ఉన్న ఒక పల్లెలో వారపత్రిక నడిపారు. దాని పేరు ‘తెనుగు’. ఊరు ఇనుగుర్తి. అప్పట్లో వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది.

ఎవరీ అన్నదమ్ములు?

ఒద్దిరాజు సీతారామచంద్రరావు, ఒద్దిరాజు రాఘవరంగారావు. ఒద్దిరాజు సోదరులు అంటే సాహిత్యం చదివేవాళ్లు వెంటనే గుర్తుపడతారు. అన్న సీతారామచంద్రరావు రాసిన ‘రుద్రమదేవి’ తెలంగాణలో వచ్చిన తొలి నవలల్లో ఒకటి. ఇద్దరికీ తెలుగు, సంస్కృతంతో పాటు ఉర్దూ, ఫార్సీ కూడా బాగా వచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. తెలుగు మీద వాళ్లకున్న ప్రేమ ఉర్దూ మీద కోపంతో పుట్టింది కాదు.

అప్పుడు నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. అర్జీ, ఫైసలా, కచేరీ కాగితం అన్నీ ఉర్దూలోనే. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో చదువు కూడా ఉర్దూలోనే. హైదరాబాద్‌లో ఉర్దూ పత్రికలు వచ్చేవి. కానీ పొలం దున్నుకునే రైతుకు, సంతలో సరుకు అమ్ముకునే చిన్న వ్యాపారికి తెలిసిన భాష తెలుగే. వాళ్లలో ముస్లింలూ ఉన్నారు. పట్నంలో ఏ హుకుం వచ్చిందో, పన్ను సంగతి ఏమైందో వాళ్లకు ఎవరో ఒకరు చదివి చెప్పాల్సిందే. ‘తెనుగు’ లాంటి పత్రిక అవసరం అక్కడే పుట్టింది.

ఇల్లే ప్రెస్సు

1922 ఆగస్టు 27న ‘తెనుగు’ మొదలైంది. అదే నెలలో నల్లగొండ నుంచి షబ్నవీస్ వెంకట రామనరసింహారావు ‘నీలగిరి’ వారపత్రిక తెచ్చారు. ఆయన ఇంటిపేరులోనే ‘నవీస్’ ఉంది. ఫార్సీలో ఆ మాటకు రాసేవాడని అర్థం.

ఇనుగుర్తిలో సోదరులు సొంతంగా అచ్చు యంత్రం పెట్టుకున్నారు. వార్త రాసేది వాళ్లే, దిద్దేది వాళ్లే, అక్షరాలు పేర్చేది వాళ్లే, అచ్చు వేసేదీ వాళ్లే. అది కంప్యూటర్ కాలం కాదు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా తీసి, తలకిందులుగా వరసలో పేర్చాలి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ అచ్చుముక్కలు కావాలి. ఒక పేజీ అచ్చయ్యాక ఆ అక్షరాలన్నీ విప్పి మళ్లీ ఎవరి గదిలో వాటిని వేయాలి. లేకపోతే తర్వాతి పేజీకి అక్షరాలు చాలవు. ఇదంతా వారం తిరిగేలోపు, ప్రతి వారం జరగాలి.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

కామర్స్ చదివినవాళ్లు ఇలాంటి పత్రిక లెక్క చూస్తే ఒక సంగతి వెంటనే కనబడుతుంది. ఖర్చు పక్కన కాగితం, సిరా, తపాలా ఉంటాయి. జీతాల గళ్లలో మాత్రం ఏమీ ఉండదు. ఎందుకంటే పని చేసేది ఇంటివాళ్లే. ఆ జీతం రాసుకుని ఉంటే మొదటి నెలలోనే నష్టం తేలేది.

రాబడి పక్కన ఉండేది చందా. పల్లె పత్రికకు పెద్ద ప్రకటనలు ఎవరిస్తారు? పైగా నిజాం రాజ్యంలో చదువు వచ్చినవాళ్లే తక్కువ, వాళ్లలో తెలుగు చదివేవాళ్లు ఇంకా తక్కువ. చందా బాకీ పడితే పత్రికకు ఊపిరి ఆడదు. ఇంటి పత్రికకు బలం ఇల్లే, బలహీనత కూడా ఇల్లే. ఇంట్లో అలసట వచ్చినా, అప్పు పెరిగినా ఆ చెయ్యి అందుకునే ఇంకో చెయ్యి ఉండదు. ‘తెనుగు’ 1920లు ముగియకముందే ఆగిపోయింది. ‘నీలగిరి’ కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

1926 మే 10న హైదరాబాద్‌లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకుడిగా ‘గోలకొండ’ మొదలైంది. అది చాలా ఏళ్లు నిలిచింది. కారణం ప్రతాపరెడ్డి కష్టం ఒక్కటే కాదు. కొత్వాల్ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి లాంటి పెద్దల అండ దానికి దొరికింది. రాజధానిలో ఉండటం కూడా కలిసొచ్చింది.

అలాగని ఇంటి పత్రికలన్నీ మధ్యలోనే పోతాయని కాదు. నెల్లూరు నుంచి వచ్చే ‘జమీన్ రైతు’ వారపత్రికను నెల్లూరు వెంకట్రామానాయుడు తర్వాత ఆయన కుమారుడు శ్రీరామమూర్తి నడిపారు. ఉర్దూలో 1920ల మొదట్లో వచ్చిన ‘రహబర్-ఎ-దక్కన్’ పోలీస్ యాక్షన్ తర్వాత ‘రహ్‌నుమా-ఎ-దక్కన్’గా పేరు మార్చుకుని తరాలు దాటింది. అబ్బాజాన్ తర్వాత కొడుకు ముందుకొచ్చి బాధ్యత తీసుకుంటేనే ఇది కుదురుతుంది. దాంతో పాటు పాఠకులూ విడవకుండా ఉండాలి.

బుద్వేల్‌కు దీంతో ఏం పని?

2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ బుద్వేల్‌లో 100 ఎకరాలు వేలం వేస్తే 3,600 కోట్లకు పైగా వచ్చాయి. ఆ వార్త అన్ని పెద్ద పేపర్లలో వచ్చింది. కానీ ఏ గల్లీలో నల్లా రావడం లేదు, ఖబరస్తాన్ గోడ ఎక్కడ కూలింది, ఏ స్కూల్లో టీచర్ లేరు అన్న వార్తలకు ఆ పేపర్లలో చోటు దొరకడం కష్టం. ఇలాంటివి ఊరిని ఎరిగినవాళ్లే రాయగలరు.

మన ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. దాదాజాన్ ఉర్దూ పేపర్ చదువుతారు, మనవరాలికి తెలుగే చదవడం వచ్చు. ఒకే ఇంట్లో రెండు లిపులు. ఉర్దూ, ఫార్సీ తెలిసి కూడా తెలుగులో పత్రిక పెట్టిన ఒద్దిరాజు సోదరుల దారి అందుకే మనకు దగ్గరగా అనిపిస్తుంది. చదివేవాళ్లకు ఏ భాష వస్తే ఆ భాషలో వార్త చేరాలి.

మనం చేయగలిగింది పెద్దదేమీ కాదు. చిన్న పత్రికకు చందా కడుతున్నవాళ్లు టైముకు కట్టాలి. దుకాణం ఉన్నవాళ్లు ఈద్‌కు ఒక ప్రకటన ఇవ్వొచ్చు. ఇంట్లో పాత పత్రికలుంటే, ఏ భాషలోవైనా, రద్దీకి వేసే ముందు ఒకసారి లైబ్రరీ వాళ్లకు చూపించాలి. పాత సంచికలు పోతే ఆ ఊళ్ల కబుర్లు మళ్లీ ఎక్కడా దొరకవు.