పూలమడి అంచున మొలచు చెట్లు

మన పల్నాటిలో తొలి వానలు పడినంతనే పూలమడుల అంచులలో, నాపరాళ్ల సందులలో, మనము నాటని మొక్కలు తల యెత్తును. వీనిలో గడ్డితో పాటు చెట్ల పిల్లలును ఉండును. రెంటికిని భేదమెంచక కొడవలితో సమముగా కోసివేయుట మన తోటలలో పరిపాటి. గడ్డి విషయమున అది కొంతవరకు చెల్లును; చెట్టు విషయమున చెల్లదు. పైభాగము పోయినను లోపల వేరు బలియుచునే యుండును.

వేపమొక్కతో చిక్కు తక్కువ. కాకులు, గోరువంకలు పండు తిని గింజను గోడవారన వదలును. ఆ గింజకు మొలకెత్తు శక్తి కొద్ది వారములకు మించి నిలువదు. కావున మొలకలన్నియు ఇంచుమించు ఒకేసారి వచ్చును. ఆకు అంచు రంపపు పండ్లవలె నుండును. కొరికి చూచినవారికి వేరే గుర్తు అక్కరలేదు. సుబాబుల్ అట్లు కాదు. దాని గింజ పెంకు గట్టిది. నేలలో ఏండ్లు నిలిచి, త్రవ్వినప్పుడెల్ల కొన్ని మొలచును. చింతాకును బోలిన రేకులుండును, ముండ్లుండవు. తల్లిచెట్టు కాయలు ఎండి పగులక మునుపే కోసివేయనిచో ఈ కలుపుతీతకు అంతు లేదు.

రావిగింజ మిక్కిలి సన్నము. పక్షిరెట్టతో వచ్చి ప్రహరీగోడ పగుళ్లలో మొలచును. ఆకుకొన తోకవలె సాగియుండును. లేతనాడు చేతికి వచ్చును; వేరు ఇటుకల నడుమ దిగినపిమ్మట గోడ విప్పవలసి వచ్చును. పైగా ఎదిగిన రావిని నరుకుటకు పెక్కుమందికి మనసొప్పదు. ఉర్దూ విభాగపు మిత్రులు పీపల్ అన్నను, మనము రావి అన్నను, మొలకగా నున్నప్పుడే తీసి చెరువుగట్టున నాటుట అందరికిని సమ్మతము.

అన్నింటిలోను మొండిది సర్కారు తుమ్మ. ఇది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతముల చెట్టు. 1877 ప్రాంతమున జమైకా నుండి విత్తనములు తెప్పించి కడప సీమలో నాటించిరి. వంటచెరకు కొరత తీరవలెనని ఆనాటి వారి తలంపు. అది కొంత నెరవేరినది కూడ. ఎన్నో పేదయిండ్ల పొయ్యి వెలిగించినది ఈ కంపయే. కనుక దానిని ఊరక దూషించుట మాకిష్టము లేదు. అయినను పూలమడి దాని తావు కాదు. తియ్యని కాయలను మేకలు, పశువులు తినును. గింజలు అరగక పెంటికలతో, పేడతో బయటపడును. కడుపులో నానిన పెంకు మెత్తబడి మొలక సులభమగును. బాగుగా మాగని ఎరువును మడిలో వేయువారు తుమ్మను తామే విత్తుచున్నారనవలెను. నల్లతుమ్మతో దీనిని పొరబడరాదు: ఎదిగిన నల్లతుమ్మ ఆకునకు రెక్కలు మూడు జతలో అంతకు మించియో యుండును, దీనికి సాధారణముగా ఒకటి రెండు జతలే.

తీయుటకు తగిన వేళ వాన వెలిసిన మరునాడు, లేదా మడికి నీరు కట్టిన సాయంకాలము. నల్లరేగడి తడిసియున్నప్పుడు జానెడు మొక్కను మొదలంట పట్టి నిలువుగా లాగినచో వేరుతో వచ్చును. నేల బిగిసిన వేసవిలో లాగినచో తెగును; మిగిలిన మొదటినుండి నాలుగైదు పిలకలు లేచును. మోకాలెత్తు దాటినదానికి గునపము తప్పదు. చుట్టును జానెడు లోతు త్రవ్వి, పిలకలు పుట్టు ఆ వేరుమొదలంతయు పైకి తీయవలెను. ముండ్లకు భయపడి పైపైన నరికినచో మరుసటి ఏడు పని రెట్టింపగును. చేతికి గోనెపట్టా చుట్టుకొనుట మేలు. రాతిపలకల నడుమ మొలచినచో పలకనెత్తియే తీయవలెను.

కార్యవర్గము వారికి మా మనవి యొకటి. కోతకు నెలనెలా కూలి వెచ్చించుటకన్న, ఆగష్టులో ఒక దినము విద్యార్థులకు విడిచినచో చాలును. ఉంచదగిన వేప, కానుగ మొక్కలకు ముందునాడే ఎఱ్ఱగుడ్డ పీలిక కట్టించి, వానిని వేరుమట్టితో సంచులలోనికి మార్పింపవలెను. తక్కినవానిని పెరికి, తడినేలపై గాక బండపై ఎండబెట్టవలెను.