పాత కారుకు కొత్త దీపములు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున జూబిలీ హిల్స్ అను పేట ఉన్నది. పేరుకు తగినట్లు అది గుట్టల మీద వెలసినది. అక్కడి రోడ్లు ఒకచోట ఎక్కుచు, ఒకచోట దిగుచు, గ్రానైటు బండల నడుమ మలుపులు తిరుగుచు పోవును. దాని నానుకొనియే ఫిల్మ్ నగర్ ఉన్నది. 1976లో ఈ ప్రాంతమున అన్నపూర్ణా స్టూడియో ప్రారంభమైనది. తరువాతి సంవత్సరములలో తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి క్రమముగా ఇక్కడికి తరలివచ్చినది. నేడు స్టూడియోలు, నటీనటుల ఇండ్లు, చిత్రనిర్మాణ సంస్థల కార్యాలయములు పెక్కు ఈ గుట్టల మీదనే ఉన్నవి.

గడచిన కాలపు కథను తెరకెక్కింపవలెనన్న ఆ కాలపు కార్లు కావలెను. నటి సావిత్రి జీవితమును చిత్రించిన ‘మహానటి’ (2018) వంటి చిత్రములలో నాటి దుస్తులు, వీథులు ఎంత ముఖ్యమో, నాటి వాహనములును అంత ముఖ్యము. అట్టి పాత కారును పగలు నడుపుటకు చిక్కు లేదు. చీకటిపడిన తరువాత ఇంటికి తీసికొని పోవుటే కష్టము. దాని దీపములు పసుపుపచ్చగా, మసకగా వెలుగును. ఎదురుగా వచ్చు కొత్త కార్ల తెల్లని కాంతిలో అవి వెలుగుచున్నవో లేదో కూడ తెలియదు. అప్పుడు యజమానికి ఒక ఆలోచన కలుగును: పాత బల్బును తీసివేసి, ఆ చోటనే ఒక ఎల్.ఇ.డి. బల్బును పెట్టినచో సరిపోదా?

సరిపోదు. ఎందుకు సరిపోదో తెలిసికొన్నచో, హైస్కూలు భౌతికశాస్త్రములోని కాంతి, విద్యుత్తు పాఠములు రెండును ఒక్క కారు దీపములో ఇమిడి ఉన్నట్లు తెలియును.

దీపము వచ్చిన దారి

మొదటి మోటారు కార్లకు నూనె దీపములును, కార్బైడు మీద నీరు పడినపుడు పుట్టు ఎసిటిలీను వాయువుతో వెలుగు దీపములును ఉండెడివి. 1912లో కాడిలాక్ కారులో విద్యుత్తుతో ఇంజను నడచుట మొదలిడు ఏర్పాటు, విద్యుద్దీపములు కలిసి వచ్చిన పిమ్మట, కారులో బ్యాటరీ, డైనమో ఉండుట వాడుక అయినది. 1940 నుండి అమెరికాలో 7 అంగుళముల గుండ్రని దీపములు ప్రమాణమైనవి. మన దేశమున 2014 వరకు తయారైన అంబాసిడరు కారు ముఖమున కనిపించు గుండ్రని దీపము ఆ కొలతదే. 1960 దశకమున ఐరోపాలో హాలొజను బల్బులు వచ్చినవి. వానిలో రెండు తంతువులు గల ‘హెచ్ 4’ అను రకము 1971 నుండి ప్రపంచమంతట వ్యాపించినది.

ఎల్.ఇ.డి. అనగా కాంతిని వెలువరించు డయోడు. కంటికి కనబడు ఎర్రని కాంతి నిచ్చు డయోడును 1962లో నిక్ హోలోన్యాక్ చేసి చూపెను. తెల్లని కాంతికి నీలి డయోడు అవసరము. అది 1990 దశకపు తొలి సంవత్సరములలో గాని చేతికి రాలేదు. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను, జపానులో జన్మించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. 2007 ప్రాంతమున ఎల్.ఇ.డి.లు కారు ముందు దీపములలో ప్రవేశించినవి.

దర్పణము, నాభి

కారు దీపములో మూడు భాగములు కలవు: కాంతినిచ్చు బల్బు, దాని వెనుక పరావలయాకారపు దర్పణము, ముందు గీతలు గల గాజు. దర్పణపు నాభి యందు కాంతి పుట్టినచో కిరణములు పరావర్తనము చెంది సమాంతరముగా ముందుకు సాగును. ఇదే దూరపు కాంతి. ముందరి గాజు మీది గీతలు చిన్న చిన్న పట్టకముల వలె పని చేసి ఆ కాంతిని రోడ్డు వెడల్పునకు పరచును.

ఎదురుగా వాహనము వచ్చినపుడు డ్రైవరు ‘డిప్పు’ చేయును. పాత రకపు బల్బులలో డిప్పు తంతువును నాభికి కొంచెము పైగా అమర్చెడివారు. తంతువు నాభికి పైన ఉన్నచో కిరణములు క్రిందికి వంగును. హెచ్ 4 బల్బులో డిప్పు తంతువు నాభికి ముందుగా ఉండును. దాని క్రింద చిన్న లోహపు గిన్నె ఉండును. ఆ గిన్నె క్రిందివైపు పోవు కాంతిని ఆపివేయుటచే, దర్పణపు పై సగము మీద మాత్రమే కాంతి పడి, అక్కడి నుండి వంగి రోడ్డు మీదికి దిగును. అందువలననే సరిగా అమర్చిన దీపమును గోడ మీదికి వేసి చూచినపుడు, పైన చీకటి, క్రింద వెలుగు, నడుమ గీచినట్లు ఒక సరిహద్దు కనబడును.

ఈ అమరికలో ఎంత ఖచ్చితత్వము కావలెనో ఒక లెక్క చెప్పును. దర్పణపు నాభ్యంతరము 25 మిల్లీమీటర్లనుకొందము. కాంతి పుట్టు చోటు నాభి నుండి ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో, కిరణముల దిశ సుమారు 25లో ఒకటవ వంతు మారును. అనగా 25 మీటర్ల దూరమున కాంతి ఒక మీటరు తొలగి పడును. దీపము నేల నుండి 70 సెంటీమీటర్ల ఎత్తున ఉండి, నూరు పాళ్లకు ఒక పాలు క్రిందికి దిగునట్లు సరిచేయబడినచో, 25 మీటర్ల వద్ద కాంతి పై అంచు 45 సెంటీమీటర్ల ఎత్తున ఉండును. అది ఎదుటి వారి మోకాలి ఎత్తు. ఒక్క మిల్లీమీటరు పొరపాటుచే అదే అంచు 145 సెంటీమీటర్లకు లేచును. అది స్కూటరు నడుపువాని కన్నుల ఎత్తు.

తంతువు వేరు, స్ఫటికము వేరు

టంగ్‌స్టన్ తంతువు సన్నని చుట్ట. అది కొద్ది మిల్లీమీటర్ల పొడవుండి, తన చుట్టును దాదాపు అన్ని వైపులకు కాంతిని విరజిమ్మును. ఎల్.ఇ.డి. యట్లు కాదు. అది ఒక పలక మీద అతికిన చదునైన అర్ధవాహక స్ఫటికము. అది తన ముందువైపునకే కాంతి నిచ్చును. కనుక పాత బల్బు స్థానమున పెట్టుటకు చేసిన ఎల్.ఇ.డి. బల్బులలో, పలకకు ఇరువైపుల స్ఫటికములను అతికింతురు. ఆ పలక మందము 2 మిల్లీమీటర్లున్నచో, ఇరువైపుల స్ఫటికములును నాభి నుండి ఒక్కొక్క మిల్లీమీటరు దూరమున ఉన్నట్లే. పైని లెక్క ఇక్కడ వర్తించును. బల్బును బిగించునపుడు పలక నిలువుగా ఉన్నచో కాంతి ప్రక్కలకు చెదరును. అడ్డముగా తిరిగినచో పైకి లేచును.

ఇట్లు చెదరిన కాంతి కారు నడుపువానికి మంచిదిగానే తోచును. కారు ముందరి నేల, చెట్ల కొమ్మలు, ఇండ్ల గోడలు అన్నియు తెల్లగా కనబడును. “ఎంత వెలుగు!” అని అతడు సంతోషించును. కాని వేగముగా పోవు వాహనమునకు కావలసినది దూరపు రోడ్డు మీది వెలుగు. అది పెరుగకపోవచ్చును, తగ్గవచ్చును కూడ. ముందరి నేల మిక్కిలి వెలిగినపుడు కంటిపాప కుంచించుకొనును. అప్పుడు దూరమున మసకగా నున్న మనిషి మరింత కనబడకుండ పోవును.

ఎదుట వచ్చువాని కష్టము ఇంకను పెద్దది. తీవ్రమైన కాంతి కంటిలో పడినపుడు కంటి లోపలి కటకము మొదలైనవి దానిని కొంత చెదరగొట్టును. రెటీనా మీద తెల్లని తెర పరచినట్లగును. వయస్సు మీరిన వారిలో ఇది ఎక్కువ. కాంతి తొలగిన తరువాత చూపు తేరుకొనుటకు కొన్ని సెకండ్లు పట్టును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము సెకండునకు 11 మీటర్లు పోవును. చూపు తేరుకొనుటకు మూడు సెకండ్లు పట్టినచో, ఆ వాహనము 33 మీటర్లు గ్రుడ్డిగా నడచినట్లే. జూబిలీ హిల్స్ వంటి ఎత్తుపల్లపు రోడ్ల మీద ప్రమాదము మరింత హెచ్చు. ఏలయన, మెట్ట ఎక్కుచున్న కారు ముఖము సహజముగనే పైకెత్తబడి యుండును. మెరక మీద నడచుచున్నవాని కన్నులలోనికి, సరిచేసిన దీపము కాంతియే కొంత పోవును. సరిలేని దీపము సంగతి చెప్పనక్కరలేదు.

మొదట తీగలు చూడవలెను

పాత దీపము మసకగా నుండుటకు పలుమార్లు బల్బు కారణము కాదు. తీగలు, స్విచ్చి కారణములు. 12 వోల్టుల కారులో 60 వాట్ల బల్బులు రెండు వెలిగినచో ప్రవాహము 10 ఆంపియరులు. త్రుప్పు పట్టిన కలుపుల వద్ద, అరిగిన స్విచ్చి వద్ద కలిసి నిరోధము 0.1 ఓము ఉన్నను, ఓము సూత్రము ప్రకారము ఒక వోల్టు దారిలోనే పోవును. ఒక్క వోల్టే కదా యని తేలికగా తీసికొనరాదు. తంతువు ఇచ్చు కాంతి వోల్టేజి కంటె చాల వేగముగా తగ్గును. సుమారుగా వోల్టేజి యొక్క 3.4వ ఘాతమును అనుసరించును. అందుచేత 12కు బదులు 11 వోల్టులు అందినచో కాంతిలో నాల్గవ వంతు పోవును. 1950 ప్రాంతపు కార్లలో పెక్కింటికి 6 వోల్టుల బ్యాటరీ ఉండెడిది. వానిలో 36 వాట్ల బల్బులు రెంటికి 12 ఆంపియరులు కావలెను. అదే నిరోధమునకు కాంతిలో ఇంచుమించు సగము పోవును.

కనుక మొదట చేయవలసినది చౌక పని. కలుపులను శుభ్రపరుపవలెను. తగినంత మందము గల తీగలను వేయవలెను. దీపముల ప్రవాహము పాత స్విచ్చి గుండ పోకుండ, ఒక రిలే ద్వారా బ్యాటరీ నుండి సూటిగా అందునట్లు చేయవలెను. మసకబారిన దర్పణమునకు కళాయి వేయింపవలెను. ఇంతమాత్రముననే పాత దీపము తన మొదటి వెలుగును తిరిగి పొందును.

అప్పటికిని ఎల్.ఇ.డి. కావలెనన్నచో, బల్బును మాత్రము మార్చక, తన దర్పణము, కటకము తనతోనే తెచ్చుకొను పూర్తి దీపమును పెట్టుట సరియైన పద్ధతి. 7 అంగుళముల గుండ్రని కొలతలో అట్టివి దొరకును. దాని దర్పణము స్ఫటికమును దృష్టిలో నుంచుకొనియే లెక్కించి చేయబడినది. అయినను మూడు సంగతులు గమనింపవలెను.

మొదటిది ధ్రువత్వము. తంతువునకు ప్రవాహము ఏ దిశలో వచ్చినను ఒక్కటే. డయోడు ఒక దిశలోనే ప్రవాహమును పోనిచ్చును. 1960 దశకము వరకు వచ్చిన బ్రిటిషు కార్లలో పెక్కింటికి బ్యాటరీ ధనధ్రువమును కారు శరీరమునకు కలిపెడివారు. అట్టి కారులో ఎల్.ఇ.డి. దీపమును చూడక కలిపినచో అది వెలుగదు. దాని లోహపు తొడుగు ఋణధ్రువమునకు కలిసియున్నచో షార్టు సర్క్యూటగును. రెండవది వేడిమి. ఎల్.ఇ.డి. తంతువు కంటె ఎంతో పొదుపైనది. డిప్పు తంతువు 55 వాట్లతో ఇచ్చు కాంతిని అది 15, 20 వాట్లతో ఇయ్యగలదు. కాని తంతువు తన వేడిమిని కాంతితోపాటు ముందుకు వెదజల్లగా, స్ఫటికపు వేడిమి దాని వెనుకనే పోగుపడును. గాలి ఆడని పాత దీపపు గిన్నెలో అది బయటకు పోజాలక, స్ఫటికపు కాంతి తగ్గి ఆయువు క్షీణించును. మూడవది చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2021లో సవరించిన నిబంధనల ప్రకారము, 50 ఏండ్లు దాటి, మూలరూపమున నిలుపబడిన కార్లకే ‘వింటేజి’ రిజిస్ట్రేషను లభించును. కనుక తీసివేసిన పాత దీపములను పారవేయక, మరల బిగించుటకు వీలుగా దాచవలెను. కారు శరీరమునకు కొత్త రంధ్రములు చేయరాదు.

కెమెరా కన్ను

ఫిల్మ్ నగర్ కారుకు మరొక పరీక్ష కలదు. పాత తంతువు కాంతి 2,800 కెల్విన్ ప్రాంతమున ఉండి పసుపువన్నె కలిగియుండును. ఎల్.ఇ.డి. దీపములు సాధారణముగా 5,000 నుండి 6,500 కెల్విన్ వరకు తెల్లగా, కొంత నీలముగా వెలుగును. 1950 నాటి రాత్రిని చూపు దృశ్యములో అట్టి కాంతి కనబడినచో ప్రేక్షకునికి కాలము తప్పినట్లు తోచును. ఇంతేకాక, పెక్కు ఎల్.ఇ.డి.ల కాంతిని అతివేగముగా ఆర్పుచు వెలిగించుచు అదుపు చేయుదురు. కంటికి అది నిలకడగా తోచినను, సెకండునకు 24 చిత్రములు తీయు కెమెరాకు రెపరెపలాడినట్లు పట్టుబడవచ్చును. తంతువు ఆ కొద్ది వ్యవధిలో చల్లారదు కనుక ఆ బాధ తక్కువ.

తరగతిలో చూపుట

ఉపాధ్యాయులు ఈ పాఠమును ఒక పాత టార్చిలైటుతో చూపవచ్చును. దాని తల త్రిప్పినచో బల్బు ముందు వెనుకలకు జరుగును. చీకటిగదిలో మూడు మీటర్ల దూరపు గోడ మీదికి కాంతిని వేసి, తలను కొద్ది కొద్దిగా త్రిప్పుచు, వెలుగు మచ్చ వ్యాసమును స్కేలుతో కొలువవలెను. బల్బు నాభికి చేరినపుడు మచ్చ చిన్నదై ప్రకాశించును. కొంచెము తప్పినను పెద్దదై వెలవెలబోవును. బల్బు అదే, బ్యాటరీ అదే. మారినది స్థానము మాత్రమే.

ప్రదర్శనకే ఉంచబడిన పాత కారుకు కొత్త దీపములు అక్కరలేదు. అది చూచుటకే గాని నడుపుటకు కాదు. రోడ్డెక్కు పాత కారు మాటయే వేరు. దాని దీపము దానిని నడుపువానికి మాత్రమే సంబంధించినది కాదు. దానికి ఎదురువచ్చు స్కూటరు మనిషికి, షూటింగు ముగిసి అర్ధరాత్రి గుట్ట దిగి నడచిపోవు కూలీకి కూడ దానితో పని ఉన్నది. దీపము ఎంత వెలుగునన్న ప్రశ్న కంటె, ఆ వెలుగు ఎచ్చట పడుననునదే ముందుగా అడుగవలసిన ప్రశ్న.